అంచు నుంచి నాలుగు అంగలు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం, ఒక్క సెక్రటరీ గారు తప్ప. ఆయన నిన్న సాయంత్రం నుంచి గోల్ఫ్ క్లబ్బులో తన గది తలుపు వేసుకుని కూర్చున్నారు. ఆ ముచ్చట నీకు ఒక్క ముక్క వదలకుండా చెప్పాలని పొద్దున్నే కాగితాలు ముందేసుకున్నాను. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. కుర్చీ లాక్కుని కూర్చో.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ బావకు నడుము నొప్పి తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. నీ మేనకోడలు లెక్కల్లో పాసయింది. ఎలా పాసయిందో దానికీ తెలియదు, మాకూ తెలియదు. పదకొండో గ్రీన్ మీద గోధుమరంగు మచ్చకు నువ్వు రాసినట్టే చేశాను. ఇనుప పళ్ళతో నేలను పొడిచి, ఇసుక చల్లి, నీళ్ళు తగ్గించాను. మానింది. కొత్త గడ్డి యంత్రం వచ్చింది. చప్పుడు ఎక్కువ, పని తక్కువ. దాన్ని చూసినప్పుడల్లా నాకు సెక్రటరీ గుర్తొస్తాడు. నువ్వు ఆఖర్న అడిగావే ఒక ప్రశ్న, దానికి జవాబు ఆఖర్నే చెబుతాను. తొందరపడి కాగితాలు తిప్పకు.

మీ స్టేడియంలో నేలంతా బల్లపరుపుగా ఉంటుందనీ, పని హాయిగా ఉందనీ రాశావు. చదివి నాకు ఏడుపొచ్చింది. వాలు చూసి బంతి ఎటు పోతుందో చెప్పగల మనిషివి, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళ బూట్లు తవ్విన గుంటలు పూడ్చుకుంటూ హాయిగా ఉన్నానంటావా? నన్ను ఊరుకోబెట్టడానికి రాశావని తెలుసు. నేను ఊరుకోలేదు.

పదిహేడో హోల్ నీకు కొత్త కాదు. అయినా ఒకసారి రాయనీ, నిన్నటి సంగతి రుచి తెలియాలంటే ఆ నేల కళ్ళ ముందుండాలి. ఈ కొండ కొమ్ము మీద నిలబడి కొడితే, ఎదుటి కొమ్ము మీద గ్రీన్, గుంటా జెండా ఉండే నున్నటి గడ్డి. మధ్యలో కొండ చీలిక, కింద సముద్రం. ఎదుటి గ్రీన్ కాస్త మనవైపు, అంటే చీలిక వైపు వాలి ఉంటుంది. జెండా నడుమన పెడితే గుండె దడదడలాడినా ఆడొచ్చు. ముందంచుకు తెచ్చి పెడితే దేవుడొచ్చి ఆడినా బంతి నిలవదు. పై నుంచి ఎంత మెల్లగా తోసినా గుంట పక్కనుంచి దొర్లుకుంటూ పోయి సముద్రంలో పడుతుంది. పడితే ఒక దెబ్బ జరిమానా, మళ్ళీ అదే చోటు నుంచి కొట్టాలి.

అందుకేగా నువ్వు చేతి బంతి అలవాటు పెట్టావు. గుంట కోసే ముందు మూడు అంగల పై నుంచి బంతిని చేత్తో దొర్లించాలి. ఆగితే కొయ్యాలి, ఆగకపోతే చోటు మార్చాలి. నాకు పని నేర్పిన మొదటి రోజే అన్నావు: "అక్కా, ఈ కొండ ఆడేవాడిని ఎంతైనా భయపెట్టనీ. మోసం మాత్రం చెయ్యకూడదు." వేరే క్లబ్బుల్లో ఎవరూ ఇలా చెయ్యరట. మన పనిముట్ల కొట్టులో మాత్రం చేతి బంతి మేకుకు వేలాడే జాలీ సంచిలో ఇప్పటికీ ఉంది.

ఇక మన సెక్రటరీ, అదే మన ఇస్త్రీ. నువ్వు పెట్టిన పేరు పోలేదు. ఆయన ప్యాంటు మడత ఈనాటికీ గాలికి చెదరదు. పన్నెండేళ్ళుగా కెప్టెన్ కప్పు కోసం ఆడుతూ ఓడుతూ ఈసారి ఫైనల్‌కు వచ్చాడు. ఎదుటి మనిషి పళ్ళ డాక్టరమ్మ. పోటీలో ఉన్నవాళ్ళు గుంటల చోట్లు నిర్ణయించకూడదని రూలు. అంటే పద్దెనిమిది గుంటలూ నా చేతిలో. మొన్న మధ్యాహ్నం ఆయన మన కొట్టుకు వచ్చాడు. మూడేళ్ళలో ఎప్పుడూ గడప తొక్కని మనిషి, యంత్రాల మధ్య ప్యాంటుకు నూనె అంటకుండా ఒద్దికగా నిలబడ్డాడు.

"రేపు గాలి ఎలా ఉంటుందంటావు?" అన్నాడు.

"మామూలేనండీ."

"పదిహేడు కాస్త చూసి పెట్టమ్మా. నడుమన పెడితే అందరికీ బాగుంటుంది."

అమ్మా అన్నాడురా. మూడేళ్ళ కిందట, ఆయన ఆడని పోటీలో పదిహేడు దగ్గర అందరి బంతులూ సముద్రంలో పడ్డాక, నిన్ను కమిటీ ముందు నిలబెట్టి "గడ్డి పీక్కునేవాడికి ఇంతకన్నా బుద్ధెక్కడుంటుంది" అన్న నోరే అది. "అలాగేనండీ" అన్నాను. ఆ మాట భయంతో అన్నది కాదు, సంతోషంతో. మూడేళ్ళుగా ఆ మనిషికి రోజూ నమస్కారం పెట్టాను. పెట్టిన ప్రతిసారీ ఒకటే అనుకున్నాను, నీ రోజు వస్తుంది, ఆ రోజు నేను అక్కడే ఉంటాను అని.

నిన్న తెల్లవారుతుండగా పదిహేడుకు వెళ్ళాను. గడ్డి ఎప్పటంత ఎత్తుకే కోశాను, ఒక్క వెంట్రుక తక్కువ కొయ్యలేదు. రేపు ఎవరూ గడ్డి మీద వంక పెట్టకూడదు కదా. తరువాత అంచు దగ్గర నిలబడి అంగలు వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నిన్ను పంపేసిన ఏడాది గుంట ఉన్న చోటే. చేతి బంతి దొర్లించాను. సముద్రం. రెండోది దొర్లించాను. సముద్రం. మూడోది గుంట కొయ్యబోయే చోట కాసేపు ఆలోచించి, అదీ వెళ్ళిపోయింది. అప్పుడు కోశాను. నీ రూలు తెలిసి, తెలిసే తప్పాను. తప్పినందుకు నాకు ఏమీ అనిపించలేదు.

పదహారు హోల్స్ అయ్యేసరికి ఇస్త్రీ డాక్టరమ్మ కంటే నాలుగు దెబ్బలు తక్కువ వాడి ముందున్నాడు. ముఖం వెలిగిపోతోంది. పదిహేడులో కొట్టిన మొదటి దెబ్బ కూడా నిజంగా బాగా కొట్టాడు. బంతి చీలిక దాటి గ్రీన్ పైభాగంలో పడి ఆగింది. తాడు వెనక నిలబడ్డ అరవైమంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. దగ్గరికొచ్చి జెండా అంచుకు ఎంత దగ్గరగా ఉందో చూసిన క్షణంలో ఆ ముఖం ఎలా అయిందో నీకు చూపించలేకపోయానే అన్నది ఒక్కటే నా లోటు.

మొదటి తోపు, సముద్రం. రెండోది ఇంకా మెల్లగా, సముద్రం. మూడోసారి చిన్న కర్రతో బంతిని తాకాడో లేదో కూడా తెలియలేదు. అది పోనా వద్దా అన్నట్టు కదిలి కదిలి పోయింది. నాలుగో దానికి జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సంచిలో బంతులు అయిపోయాయి. డాక్టరమ్మ తన బంతి ఇవ్వబోతే ఇస్త్రీ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అదీ పోయింది. ఆవిడ ఇంకోటి ఇచ్చింది. అప్పటికి బుద్ధొచ్చి, జెండాకు దూరంగా పక్కకు కొట్టి, అక్కడి నుంచి అడ్డంగా వచ్చి, పద్నాలుగో దెబ్బకు గుంటలో వేశాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర నలిగిపోయింది తమ్ముడూ. నా కళ్ళతో చూశాను.

డాక్టరమ్మ మొదటి నుంచీ పక్క దారిలో జాగ్రత్తగా ఆడింది. ఆవిడదీ ఒకటి పోయింది. ఏడులో ముగించింది. ఆఖరి హోల్ ఇంకా మిగిలి ఉన్నా, కప్పు అక్కడే చేతులు మారింది.

ఇస్త్రీ తిన్నగా నా మీదికి వచ్చాడు.

"ఈ గుంట ఇక్కడ పెట్టింది ఎవరు?"

"నేనేనండీ."

"బుద్ధుందా నీకు? ఇక్కడ మనిషన్నవాడు ఆడగలడా?"

"ఆడలేడండీ. మా తమ్ముడూ అదే అన్నాడు."

క్లబ్బు ప్రెసిడెంటు గారు తాడు దాటి లోపలికి వచ్చారు. నేను జేబులోంచి చీటీ తీసి, అందరికీ వినపడేట్టు చదివాను. "పదిహేడు. అంచు నుంచి నాలుగు అంగలు. జెండా, సముద్రం ఒకే ఫొటోలో పడాలి." కింద సంతకం. మూడేళ్ళ కిందటి పోటీ తారీఖు. "ఈ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టారాండీ?" అని అడిగాను. "నేను నడుమన పెట్టమన్నాను, వాడు తన ఇష్టం వచ్చినట్టు పెట్టాడు" అని ఆ రోజు కమిటీకి చెప్పిన మనిషి, నిన్న ప్యాంటు మోకాళ్ళు దులుపుకుంటూ నిలబడ్డాడు. ప్రెసిడెంటు గారు "ఆ చీటీ ఇటివ్వమ్మా" అన్నారు. "కమిటీ కూర్చున్నప్పుడు ఇస్తానండీ" అని మడిచి జేబులో పెట్టుకున్నాను. వచ్చే శుక్రవారం కమిటీ.

సాయంత్రం కొట్టులో గడ్డి యంత్రం కత్తులు కడుగుతుంటే డాక్టరమ్మ వచ్చింది. కప్పు చంకలో ఉంది. "ఆయనకు తగిన శాస్తే జరిగింది," అంది. "కానీ అదే గుంటలో నన్నూ ఆడించావు. దీన్ని నేను గెలిచాననుకోవాలా?" కప్పు కొట్టు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడు అది చేతి బంతి సంచి పక్కనే ఉంది. ఆ మాట గుచ్చుకుంది. అయినా అబద్ధమెందుకు, రాత్రి కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. "చీటీ గాలికి పోయిందన్నావు కదా అక్కా, కంచె తీగల్లో గానీ పొదల్లో గానీ ఎప్పుడైనా దొరికిందా?" అని అడిగావు. మూడేళ్ళలో నాలుగుసార్లు అడిగావు. నాలుగుసార్లూ వేరే సంగతులు రాసి తప్పించుకున్నాను.

చీటీ గాలికి పోలేదురా.

ఆ రోజు కమిటీ ముందు నువ్వు "చీటీ ఇచ్చారండీ" అన్నావు. "ఏదీ?" అన్నారు. నువ్వు నా వైపు చూశావు. నేను "కోస్తుండగా గాలికి ఎగిరిపోయిందండీ" అన్నాను. అప్పుడు అది నా జేబులో ఉంది. అలా ఎందుకు అన్నానో నీకు తెలియాలంటే, ఈ కవరులో పెట్టిన చీటీ వెనక్కి తిప్పి చూడు. ముందు పక్క ఇస్త్రీ రాత. వెనక పక్క నీ రాత. "అక్కా, చేతి బంతి వేసి చూడు. ఆగకపోతే నడుమకు జరుపు. ఆయనతో నేను మాట్లాడతాను." మర్చిపోయావా? నువ్వు మర్చిపోలేదు. అక్క ఇబ్బంది పడుతుందని కమిటీకి ఆ మాట చెప్పలేదు, అంతే.

నేను ఆ రోజు చేతి బంతి వేశాను. ఆగలేదు. అయినా నాలుగు అంగల దగ్గరే కోశాను. ఆ వారమే నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఇస్త్రీ బల్ల మీద సంతకం కోసం ఉంది. ఆయన రాసింది మార్చితే ఆ కాగితం చెత్తబుట్టలో పడుతుందని భయపడ్డాను. చీటీ చూపిస్తే ఆయన దొరుకుతాడు, వెనక్కి తిప్పితే నేనూ దొరుకుతాను. అందుకే ఎవరికీ చూపించలేదు. నువ్వు పెట్టె సర్దుకుంటుంటే చొక్కాలు మడిచి ఇచ్చింది ఈ చేతులే. నువ్వు వెళ్ళిన నెలకు నీ కుర్చీలో కూర్చున్నది నేనే. మూడేళ్ళూ ఇస్త్రీ మీద పళ్ళు కొరుకుతూ గడిపాను, ఎందుకంటే అద్దంలో మనిషి మీద కొరకడం కష్టం.

నిన్న కూడా వెనక పక్కను అరచేతికి నొక్కి పట్టుకునే చదివానురా. అంత జరిగాక కూడా. అందుకే నేను ఈ చీటీని కమిటీకి ఇవ్వడం లేదు. నా చేతికి ఇస్తే అది మళ్ళీ ఒక పక్కే చూపిస్తుంది.

ప్రెసిడెంటు గారి చిరునామా రాసిన కవరు ఇందులోనే పెట్టాను. శుక్రవారం లోపల అందేట్టు నువ్వే పంపు. ముందు పక్క ఒక్కటే ఫొటో తీసి పంపితే ఇస్త్రీ పోతాడు, నీ కుర్చీ నీకొస్తుంది, నేను నీ పక్కనే పని చేసుకుంటాను. చీటీనే పంపితే ఇద్దరం పోతాం. మీ బావకు కూడా ఇవాళ పొద్దున చెప్పాను. ఆయన గొణగలేదు. మొదటిసారి.

అక్క కదా అని చూడకు. నా పగ నేను ఒక్క చుక్క మిగల్చకుండా తీర్చుకున్నాను, ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. నీ వాటా నేను తినలేదు. ఇదిగో, కవరులో పెట్టాను.

ఇట్లు,
చేతి బంతి ఆగకపోయినా గుంట కోసిన
నీ అక్క