సెలవంటే ఏ సెలవు?

హోమ్, పదిహేడో గది
సోమవారం

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నేను క్షేమం. గచ్చు తవ్వుతున్న దుమ్ము సంగతి పక్కన పెడితే మీరూ క్షేమమే అనుకుంటాను. ఇల్లు బాగయ్యేదాకా రెండు నెలలు ఈ వృద్ధుల హోమ్‌లో ఎలా గడుస్తాయా అని వచ్చేటప్పుడు ముఖం వేలాడేసుకున్నాను గదా, ఆ ముఖాన్ని మర్చిపో. ఇక్కడ మనిషికి తీరిక ఉండదు. ఎండ ఎక్కకముందే నడక. పదింటికి హాల్లో క్యారమ్స్. మధ్యాహ్నం కిటికీలకు తడి దుప్పట్లు కట్టి, ఫ్యాను కింద కుర్చీ ఎవరిదన్న విషయం మీద చర్చ. నాలుగింటికి పుచ్చకాయ ముక్కలు, ఐదింటికి పాటలు. పాడటం వచ్చినవాళ్లు నలుగురు, మైకు వదలనివాళ్లు పదకొండు మంది.

క్యారమ్స్‌లో జంటల పోటీ పెట్టారు. నాకు జంటగా పడినాయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యారు. అందరూ టీసీ గారంటారు. మంచి మనిషే గాని, కొట్టేముందు స్ట్రైకరును టికెట్టు చూసినట్టు రెండువైపులా తిప్పి చూస్తారు. నా ఆట బాగుందన్నారు. నేను చేసిన పని బాగుందని మన ఇంట్లో ఎవరైనా అన్నారేమో గుర్తు చేసుకో.

ఒక్క సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆఫీసు గది పక్కన నల్లబోర్డు ఉంది. దాని మీద గదుల నంబర్లు. ఎనిమిది నంబర్ల పక్కన సుద్దతో ‘సెలవు’ అని రాసి ఉంది. వాళ్లంతా ఎవరిళ్లకు వెళ్లారు, ఎన్నాళ్లకు వెళ్లారు? హోమ్ చూసుకునే మేట్రన్ని అడిగితే “సెలవండీ” అని నవ్వి ఊరుకుంటుంది.

ఇక సెలవు.
అత్తయ్య

తా.క.: ఉత్తరాలెందుకు, ఫోన్ చేయొచ్చు గదా అనకు. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేశాను. ఫోన్లో మాట్లాడితే మధ్యలో ఎవరో ఒకరు వింటారు. నేను విన్నాను.

బుధవారం

అత్తయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

మేం కులాసా. మేస్త్రీ వంటింట్లో పలకలు తిరగేసి పరిచాడు, మళ్లీ తీయిస్తున్నాం. నీ గది మాత్రం అందరికన్నా ముందు పూర్తయింది. నువ్వడిగిన రంగే వేయించాను.

సెలవంటే సెలవే అత్తయ్యా. వేసవి గదా, పిల్లలు వచ్చి తమ పెద్దవాళ్లను కొన్నాళ్లు తీసుకెళ్తారు. మా బీమా ఆఫీసులోనూ సగం కుర్చీలు ఖాళీ. చావు క్లెయిములు చూసే గుమస్తాను, నాకే రాని అనుమానాలు నీకెందుకు? ఎక్స్ఛేంజ్ నుంచి నువ్వు రిటైరయ్యావు గాని నీ చెవులు కాలేదు. హాయిగా ఆడుకో. ఆ టీసీ గారి వయసెంత? ఊరికే అడుగుతున్నాను.

ఉంటాను.
మేనల్లుడు

తా.క.: ఆ ఎనిమిది మందీ ఎక్కడికి వెళ్లారో తెలిస్తే మాత్రం రాయి.

పదిహేడో గది
మరుసటి శుక్రవారం

చిరంజీవికి ఆశీస్సులు. ఒళ్లు క్షేమం. మనసు సంగతి కింద చదువు.

మంగళవారం తెల్లారగానే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మూడు పళ్లు పీకి, రక్తం ఆగలేదని ఒక రోజు ఆసుపత్రిలోనే ఉంచేశారు. ముందే ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని మేట్రన్ చేత ఒట్టు వేయించుకుని మరీ బయల్దేరాను. నా బోసి నోటి గురించి హాల్లో చర్చ జరగడం నాకిష్టం లేదు. బుధవారం సాయంత్రం నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగొచ్చేసరికి టీసీ గారి కుర్చీ ఖాళీ. బోర్డు మీద పద్నాలుగో గది పక్కన ‘సెలవు’.

సోమవారం నాతో ఆడిన మనిషి సెలవు మాటే ఎత్తలేదు. అనుమానమొచ్చి గదులు ఊడ్చే ఆయాను పట్టుకున్నాను. పాపం, పావుగంటలో అంతా చెప్పేసింది. రెండేళ్ల కిందట భోజనాల దగ్గర ఎవరో ‘ఫలానా ఆయన పోయారు’ అన్నారట. అందరూ అన్నం వదిలేసి లేచిపోయారట. ఆ రోజు నుంచి ఆ మాట ఇక్కడ వినపడకూడదని మేట్రన్ నియమం పెట్టింది. కూతురింటికి వెళ్లినా సెలవే, ఆసుపత్రికి వెళ్లినా సెలవే, మళ్లీ రాకుండా వెళ్లినా సెలవే. ఎవరిది ఏ సెలవో చెప్పకూడదు కూడా. ఒకావిడ కూతురింటికి వెళ్లిందని చెబితే, చెప్పకుండా వదిలేసినవాళ్ల సంగతి తెలిసిపోతుంది గదా అంటుందట మేట్రన్.

మరి టీసీ గారిది ఏ సెలవు? పద్నాలుగో గదికి వెళ్లి చూశాను. గుమ్మం ముందు ఆయన చెప్పులున్నాయి. కిటికీలోంచి చూస్తే మంచం కింద ట్రంకుపెట్టె ఉంది. ఊరెళ్లే మనిషి చెప్పులు వదిలి వెళ్తాడట్రా?

నాకు ఏడుపొచ్చింది. ఆయన పరిచయమై రెండు వారాలైనా కాలేదు. రెండు వారాల పరిచయానికి ఇంత ఏడుపు ఎక్కడిదో నాకే అర్థం కాలేదు. ఆయన ఉన్నారో లేరో తేలేదాకా నాకు ముద్ద దిగదు. పళ్లు లేకపోవడం వేరే సంగతి.

ఇక సెలవు.
అత్తయ్య

తా.క.: సోమవారం ఆట అయ్యాక “రేపు మొదట మీరు కొట్టండి” అన్నారు. మొదటి దెబ్బ ఆయన ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదట.

సోమవారం

అత్తయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

నీ ఉత్తరం అందగానే హోమ్‌కు ఫోన్ చేశాను. టీసీ గారు ఉన్నారా అంటే సెలవులో ఉన్నారంది మేట్రన్. ఎన్నాళ్లు అన్నాను. “అది మన చేతుల్లో ఉందా సార్” అంది. ఇంక నాకేం అనుమానం మిగల్లేదు. గట్టిగా ఉండు అత్తయ్యా.

నా భయం నీ గురించి. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. ముప్పై గదుల్లో ఒక్క నెలలో తొమ్మిది సెలవులంటే, మా ఆఫీసులోనైతే ఫైలు కట్టి విచారణకు పంపుతాం. అందుకే మేట్రన్‌కు రిజిస్టరు ఉత్తరం రాశాను. ఒక్కొక్క సెలవుకూ తేదీ, కారణం, ఆ సమయంలో పక్కనున్న సాక్షుల వివరాలు పంపమన్నాను.

టీసీ గారి కుటుంబానికి కూడా హోమ్ చిరునామాకే సంతాపం రాశాను. నా వృత్తిలో ఇలాంటివి వందలు రాశాను గాని, ఇది నీ స్నేహితుడి గురించి గనక మనసు పెట్టి రాశాను. నువ్వు సరిగ్గా తిండి తినడం లేదని కూడా రాశాను.

జాగ్రత్త.
మేనల్లుడు

తా.క.: దయచేసి ఉత్తరం చివర ‘ఇక సెలవు’ అని రాయకు. మా ఆవిడ ఆ ఒక్క ముక్కే చదివి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

పదిహేడో గది
గురువారం

చిరంజీవికి ఆశీస్సులు. ఉన్నాను. మీ ఆవిడకు ముందు ఈ మాట చదివి వినిపించు.

నీ రిజిస్టరు ఉత్తరం అందింది. మేట్రన్ నన్ను ఆఫీసులోకి పిలిచి కూర్చోబెట్టింది. కోప్పడుతుందనుకున్నాను, కానీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది. “మీ మేనల్లుడు మా సెలవుల గురించి అంత శ్రద్ధగా అడిగారు. మా దగ్గర సెలవడిగితే కాదన్నది లేదని రాయండి. కొందరికైతే అడక్కుండానే మంజూరు చేశాం” అంది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

సంతాపం కవరు కూడా వచ్చింది. అది ఆ ఇంటివాళ్లకు వచ్చిన ఉత్తరమని, విప్పకుండానే మీద అడ్రసు మార్చి టీసీ గారి కూతురికి పంపించేసింది. ఆ అడ్రసు చూద్దామని మెడ చాచాను. చేయి అడ్డం పెట్టింది. ఎక్స్ఛేంజ్‌లో చేరి ఉంటే పైకొచ్చేది.

నిన్న ఐదింటికి పాటలు మానేసి టీసీ గారి కోసం సభ పెట్టాం. సంతాపమన్న మాట వాడకూడదు గనక ‘టీసీ గారి సెలవు సందర్భంగా’ అని పెట్టాం. ఒకాయన ఆయన నిజాయితీ గురించి మాట్లాడాడు. ఒకావిడ ఆయన తన ఫ్యాను కుర్చీ రెండుసార్లు లాక్కున్నారని చెప్పి, అయినా క్షమించానంది. నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడి, మొదటి దెబ్బ నాకిస్తానన్నారని మాత్రం చెప్పి కూర్చున్నాను. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించాం. సగం మంది నిద్రపోయారు, అందుకని మౌనం అరగంట సాగింది. మేట్రన్ వెనక నిలబడి అంతా చూసి, ఒక మనిషి సెలవుకు ఇంత హడావుడి ఎందుకో అంది. ఆవిడ గుండె రాయి అని అప్పుడే తేలిపోయింది.

పోటీలోంచి నా పేరు తీసేయమన్నాను. వేరే జంటను ఇస్తామన్నారు. అక్కర్లేదన్నాను.

ఉంటాను, నిజంగానే ఉంటాను.
అత్తయ్య

తా.క.: మిగతా ఎనిమిది మందిలో ఒకావిడ ఈ పొద్దున పెట్టె పట్టుకుని గేట్లోంచి నడిచొచ్చింది. కాఫీ తాగుతున్న ఇద్దరు లేచి పరుగెత్తారు. వాళ్లు పరుగెత్తగలరని అప్పటిదాకా డాక్టరుకు కూడా తెలియదు.

శనివారం

అత్తయ్యకు నమస్కారాలు.

ఇల్లు పూర్తయింది. వంటింటి పలకలు కూడా ఈసారి సరైన వైపుకే పరిచాడు. ఇంక నిన్ను అక్కడ ఒక్క రోజు కూడా ఉంచను. వచ్చే ఆదివారం పదింటికి కారు తీసుకుని వస్తున్నాను. సామాను సర్దుకుని ఉండు. టీసీ గారిని తలుచుకుంటూ ఆ హాల్లో ఒంటరిగా కూర్చోవద్దు. నీ గది, నీ మంచం, నీ కిటికీ నీ కోసం చూస్తున్నాయి. మేమూ చూస్తున్నాం.

మేనల్లుడు

తా.క.: తిరిగొచ్చినావిడ ఇన్నాళ్లూ ఎక్కడున్నానంది?

పదిహేడో గది
బుధవారం

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య వేయి ఆశీస్సులు.

ఆదివారం రావద్దు. ఎందుకో నిదానంగా చదువు. నేను మాత్రం నిదానంగా రాయలేకపోతున్నాను.

నిన్న పదింటికి హాల్లో క్యారమ్ బోర్డు ముందు ఒక్కదాన్నే కూర్చుని కాయిన్లు పేరుస్తున్నాను. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డారు. తలెత్తితే టీసీ గారు. చేతిలో నువ్వు రాసిన ఉత్తరం. ఆయన నన్ను చూసి, ఉత్తరాన్ని చూసి, మళ్లీ నన్ను చూశారు. నన్ను స్ట్రైకరులా ముందూ వెనకా తిప్పి చూడలేదు గాని, చూడాలనిపించిందని తర్వాత ఒప్పుకున్నారు.

“మీరు బతికే ఉన్నారా?” అన్నారు.

ఆ ప్రశ్న నేనడగాల్సింది. నేనూ అదే అడిగాను. ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు తెలిసింది. నేను పళ్లు పీకించుకోవడానికి వెళ్లిన రోజు మేట్రన్ బోర్డు మీద పదిహేడో గది పక్కన సెలవు అని రాసిందట, నేను తిరిగొచ్చేలోపే తుడిచేసింది. ఆయన పదింటికి వచ్చి చూశారు. ఏ సెలవు అని అడిగారు. నాకు ఒట్టు వేసింది గదా, ఆ మహాతల్లి “చూద్దామండీ” అని మాత్రం అందట. ఆయనకు రెండేళ్లుగా ఈ బోర్డు అలవాటే. మేట్రన్ ఎవరి గురించి ‘చూద్దామండీ’ అందో వాళ్లెవరూ తిరిగి రాలేదట. మధ్యాహ్నం దాకా నా కుర్చీ వైపు చూస్తూ కూర్చుని, ఇంక ఈ హాల్లో ఉండలేనని సెలవు రాసిచ్చి కూతురింటికి వెళ్లిపోయారు. బూట్లు వేసుకుని, చేతిసంచీ ఒక్కటే పట్టుకుని వెళ్లారు. ముప్పై ఏళ్లు బూట్లతో డ్యూటీ చేసిన మనిషి గడప దాటితే బూట్లే వేసుకుంటాడని నాకు తట్టలేదు.

అక్కడున్న రెండు వారాలూ ఆయన సరిగ్గా తినలేదట. మొన్న నీ ఉత్తరం చేరింది. కూతురు విప్పి, ‘మీ నాన్నగారి మరణవార్త విని’ అన్న ముక్క చదివి, ఎదురుగా కూర్చున్న నాన్నగారిని చూసి, తాగుతున్న మంచినీళ్లు మింగలేకపోయిందట. ఆయన లాక్కుని చదివారు. తాను పోయారన్న సంగతి మీద ఆయన నిలవలేదు. ‘పదిహేడో గదిలోని మా అత్తయ్య తిండి సరిగ్గా తినడం లేదు’ అన్న ముక్క దగ్గర ఆగి, పోయిన మనిషి తిండి మానేయడమేమిటని అప్పుడే బూట్లు వేసుకున్నారట.

ఒరేయ్, నా గదికి నేనడిగిన రంగు వేయించావు. నీ లాంటి మేనల్లుడు ఎవరికీ ఉండడు. మీ మీద అలిగి రాస్తున్నానని అనుకోకు. కానీ ఈ పదిహేను రోజుల్లో ఒక సంగతి తెలిసింది. నేను లేననుకుని అన్నం మానేసిన మనిషి ఒకరు ఇక్కడున్నారు. ఆయన ఎదురుగా ఉండగా నేను ఇంకెక్కడికో వెళ్లి కూర్చోలేను. నేను ఇక్కడే ఉంటాను. రెండు నెలలు కాదు, ఉంటాను.

అలాగని మిమ్మల్ని చూడకుండా ఉండలేను. వచ్చే నెల పది రోజులు మీ దగ్గరికి రావడానికి మేట్రన్‌కు కాగితం రాసిచ్చాను. మా గొడవ తర్వాత ఆ కాగితంలో ‘తిరిగి వచ్చే తేదీ’ అని కొత్త గడి చేర్పించాం. నా పేరు కన్నా ముందు ఆ గడి నింపాను. నువ్వు బాధపడతావని తెలుసు. అయినా రాయకపోతే అబద్ధమవుతుంది.

మీ అత్తయ్య

తా.క.: టీసీ గారు నిన్ను ఒక సంగతి అడగమన్నారు. ‘వారు లేని లోటు మా అత్తయ్యకు ఎన్నటికీ తీరనిది’ అని రాశావట. అది నిజంగా రాసిందా, అందరికీ రాసేదేనా అని రెండు రోజులుగా తెగ ఆలోచిస్తున్నారు. నిజమేనని నేను చెప్పేశాను. ఆయన అడిగితే నువ్వూ అలాగే చెప్పు.