నీ నడుము కొలతకు కట్టిన గట్టు

నాన్నా, నమస్కారం. కుడి చేయి లేవడం లేదని పోయిన కార్డులో రాశాను కదా, బెంగ పెట్టుకోకు. ఇప్పుడు జడ నేనే వేసుకుంటున్నాను.

ఇక్కడ ఫ్యాక్టరీలో సబ్బులు సర్దే బల్ల నా ఛాతీ దాకా వస్తుంది. రోజంతా చేతులు ఎత్తిపట్టుకునే సర్దాలి. మొన్న పక్కన పనిచేసే ఒక పెద్దావిడ నన్ను చూసి, "ఏమే, నీ భుజాలు చెవులతో గుసగుసలాడుతున్నాయి" అంది. చెక్కపెట్టె ఒకటి బోర్లించి దాని మీద నిలబడమంది. అదే పని, అదే వేగం. అయినా వారం తిరిగేసరికి నొప్పి సగానికి సగం తగ్గింది.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. మన వంటగట్టు నువ్వే కట్టావు. నీ తాపీ పనికి వంక పెట్టేవాళ్లు లేరు. కానీ కొలత నీ నడుముకు తీసుకున్నావు. అమ్మ నీ భుజం దాకా కూడా రాదు. పిండి పిసికినా, కూరలు తరిగినా ఆమె భుజాలూ ఇలాగే పైకి లేచి ఉండేవి. నేను బడికి వెళ్లే రోజుల నుంచీ ఇక్కడికి వచ్చేదాకా ఆ భుజాలకు మందు రాస్తూనే ఉన్నాను. వయసు మీద పడిందనుకున్నాం. అప్పటికి అమ్మది ఇప్పటి నా వయసే.

గట్టు పగలగొట్టమనను. దాని ముందు పొడుగునా ఇటుకలతో అరుగు కట్టు, కాలు జారకుండా వెడల్పుగా. "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు" అంటుంది అమ్మ, వినిపించుకోకు. ఈసారి ఆమెను నిలబెట్టి కొలత తీసుకో.

తమ్ముడి దగ్గు తగ్గిందా? పెరటి తలుపు గడియ బిగించావా?

అమ్మకు నా దండాలు ఇప్పుడే చెప్పకు. ఆ అరుగు మీద నిలబడ్డాక చెప్పు.

నీ పెద్దది