అల్లుడి కారులో బేస్ నాబ్

మంగళవారం

పట్టుపురుగులు మూడో జ్వరంలో, అంటే పొర విడిచే నిద్రలో ఉన్నాయి. అవి కదలకుండా పడుకునే ఈ ఒక్కరోజూ షెడ్డు అదరకూడదు, అదిరితే పంట దెబ్బతింటుంది. ఈరోజే అల్లుడు డిక్కీలో కొత్త సబ్‌వూఫర్, అదే దడదడలాడించే పెద్ద స్పీకరు, మోగిస్తూ వచ్చి, కారును షెడ్డు పక్కనే ఆపాడు. రేకులు అదిరాయి.

"కంపెనీ సెట్టు దోమ పాడినట్ల ఉండె మామా. దీనికి దడ పెంచే బేస్ నాబ్ వేరే ఉండాది, చూడు."

ఆపమని అనలేకపోయాను. అతను భోజనానికి లోపలికి పోయాక ఆ నాబ్ సున్నాకు తిప్పేశాను.

పోయేటప్పుడు పాట పెడితే దడ రాక అల్లుడి ముఖం మాడిపోయింది. "యాడో వైరు ఊడినట్లుండాది మామా. రేపు హిందూపురంలో డిక్కీ అంతా విప్పించల్ల."

"విప్పించప్పా," అన్నాను.

పురుగులు నిమ్మళంగా పడుకొని ఉన్నాయి. పొద్దున్నే ఫోన్ చేసి, నాబ్ ఒకసారి తిప్పి చూడమనాలి. ఎవరు తిప్పినారని అడిగితే ఏం చెప్పాలో...