ట్రబాహర్ అంటే పని చేయడం

కొత్తవాడ, వరంగల్
ఆదివారం

అత్తమ్మకు పండరి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ బిడ్డ మహితా క్షేమం. ఇంట్లో ఇద్దరమే కనుక ఈ మాట తొందరగా అయిపోతుంది. షోలాపూర్‌లో మీ ఆరోగ్యం నిలకడగా ఉందని అనుకుంటాను.

మీరు అడిగినవాటికి జవాబు. బీపీ గోళీలు వేసుకుంటున్నాను. శారద సంవత్సరీకానికి ఇంకా ఐదు నెలలున్నాయి. మోకాళ్ల నొప్పితో మీరు రైలెక్కవద్దు. ఆమె సగం నేసిన జంపఖానా మగ్గం మీద అలాగే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు.

ఈ వయసులో స్పానిష్ ఎందుకని అడిగారు. మన జంపఖానాలు కొనే ఆవిడ స్పెయిన్‌లో ఉంటుంది. ప్రతిదానికీ నేసినవారి పేరు, ఫొటో ఉన్న కార్డు కట్టి అమ్ముతుంది. మన కార్డు మీద పేరు నాది. నేను చేనేత సొసైటీలో రాతపని చేసే బీకాం వాణ్ణి. నూలుకు రంగు వేయడమే తప్ప ఏనాడూ మగ్గం మీద కూర్చోలేదు. నేతపని గుర్తింపు కార్డు ఇంటి మగవాడి పేరున ఇచ్చారు, అదే పేరు అక్కడికీ పోయింది. ఫొటో చూసిన రోజు శారద చాలాసేపు నవ్వింది.

"నీ మొకం చూసి ఎవలన్న కొంటరా? నా చేతులన్న పెట్టకపోతిరి."

పోయిన ఏడాది మాత్రం నవ్వకుండా అడిగింది, తన పేరు వేయించమని. వచ్చే ఆర్డర్‌కు చూద్దామన్నాను. అది రాకముందే దవాఖానలో చేర్చాం. మిగతాది మీకు తెలుసు.

గత నెల ఆవిడ, నేసినవారితోనే వీడియోలో మాట్లాడతానని కబురు పెట్టింది. శారద సంగతి మధ్యలో ఇంకొకరు కాకుండా నేనే చెప్పాలనుకున్నాను. మహిత ఫోన్‌లో చూసి నేర్పింది. ట్రబాహర్ అంటే పని చేయడం. ఒకే పద్ధతిలో తిన్నగా నడిచే మాట, ఇదొక్కటి వస్తే ఇలాంటివి వంద వస్తాయంది. యో ట్రబాహో, నేను పని చేస్తాను. శారద ట్రబాహాబా, శారద పని చేసేది. ఇరవై రోజులు రంగు తొట్టి దగ్గర నిలబడి అదే వల్లించాను. మా కాలేజోళ్ల కంటే నువ్వే నయం బాపూ అని మెచ్చుకుంది కూడా.

మహిత మీకు ఫోన్‌లో చెప్పనిది ఇప్పుడు రాస్తాను.

వీడియోలో మాట్లాడే రోజు సొసైటీ ఆఫీసులో అధ్యక్షుడు సదానందం నా పక్కనే కూర్చున్నాడు. మహిత వెనక ఉంది. తెర మీద ఆవిడ, శారద ఆఖరుగా నేసిన జంపఖానాను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఈ పని ఎవరిదని అడిగింది. నేర్చుకున్న మాటే కనుక అర్థమైంది. సదానందం నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"సచ్చిపోయిన మనిషికి ఆర్డర్ రాదు పండరీ. జర సోంచాయించు."

యో ట్రబాహో అన్నాను.

ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇంకో పన్నెండు కావాలంది. మహిత లేచి బయటికి పోయింది. నాలుగు రోజులు నాకు అన్నం పెట్టి, తన కంచం పట్టుకుని మగ్గం దగ్గరికి పోయేది.

తొమ్మిదేళ్ల పిల్లగా శారదను మగ్గం ఎక్కించింది మీరు. ఆమె ముప్పై ఏళ్ల పనిని నేను ఒక్క మాటతో నాది చేసుకున్నాను. భయపడ్డాను. అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. మీరు ఏమన్నా పడతాను.

ఈ పొద్దున మహితను పిలిచి, నా మాట రికార్డు చేసి ఆవిడకు పంపమన్నాను. ఆర్డర్ పోతుందని, సొసైటీలో నా పని కూడా పోవచ్చని ముందే చెప్పాను. తల ఊపింది. శారద ట్రబాహాబా అన్నాను. ముప్పై ఏళ్లు అన్నాను. చనిపోయిందన్న మాట కూడా ఆ భాషలోనే చెప్పాను. మహిత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"బాపూ, అమ్మ పేరు వినపడ్తలేదు. మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. పంపించింది.

ఇట్లు,
మీ అల్లుడు
పండరి