ధనుష్కోటిలో నీ కూతురు

అక్కా,

నువ్వు చూడాలని ఆశపడ్డ రామేశ్వరం దీవికి ఈ రోజు వెళ్లొచ్చాం. మా అగ్గిపెట్టెల కంపెనీవాళ్లు బస్సు పెట్టారు. నీ కూతురు సెల్విని కూడా తీసుకెళ్లాను.

సాత్తూరు దగ్గర పటాసుల కంపెనీ పేలుడులో నువ్వు పోయాక, "మీ అమ్మ దీవి చూసేదానికి పోయింది" అని మన అమ్మ దానికి చెప్పింది. బిడ్డ అదే నమ్ముకునుంది.

పాంబన్ వంతెన మీద అందరూ సముద్రం చూస్తుంటే, అది ఎదురొచ్చే బస్సుల్లో మొహాలు వెతికింది. రాముడి పాదాలున్న మెట్ట ఎక్కితే దీవంతా కనిపించింది.

"పిన్నమ్మా, అమ్మ ఏ పక్క ఉండాది?" అంది.

ధనుష్కోటి ఇసుకలో, కూలిపోయిన చర్చి దగ్గర, నీలాగే పచ్చచీర కట్టుకున్న ఒకావిడను చూసి "అమ్మా" అంటూ పరుగెత్తి కొంగు పట్టుకుంది. ఆవిడ వెనక్కి తిరిగింది. ఎవరో.

ఇక దాచలేక, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

"మీ అమ్మ ఈడ లేదు కన్నా. యాడా లేదు. అగ్గిలో పోయింది."

అది ఏడవలేదు. "అయితే అమ్మ దీవి చూడనే లేదా?" అని అడిగింది.

"లేదు."

అప్పుడు ఏడ్చింది. దాన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదక్కా. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ పాటలు పాడలేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచి గడపలోనే కూర్చుంది. అమ్మ పిలిచినా పలకదు, నేను అన్నం కలిపి పెట్టినా ముట్టదు. నువ్వు ఏమని పిలిస్తే లోపలికి వచ్చేదో చెప్పక్కా.