హనుమంతప్ప మామ చింతమొక్క

మంగళవారం

ఈరోజు కూడా చెట్లు నాటమని రైతులకు చెబుతూ బలసముద్రం అంతా తిరిగాను. హనుమంతప్ప మామ చింతమొక్కలు తెచ్చాడు. ఆయన చేను పక్కనున్న సోలార్ ప్యానెళ్ళ మీద నీడ పడకుండా, కంచెకు దూరంగా గుంతలు తీయమన్నాను.

"మీ చేన్లో అయితే యాడ పెడుతుంటివప్పా?" అని నవ్వాడు.

"మా చేన్లో కరెంటు కాస్తాది మామా, చింతకాయలు కాదు."

ఆ కంచె అవతలే, ప్యానెళ్ళ కింద మా చేను. సోలార్ కంపెనీకి లీజుకిచ్చేటప్పుడు నాన్న నన్నొక్క మాట అడగలేదు. ఇప్పుడక్కడ వేపమొలక కనబడినా పీకేస్తారు.

"తొలి మొక్క నువ్వే పెట్టప్పా, నీ చెయ్యి మంచిది."

పెట్టాను. మట్టి నొక్కుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఊరందరికీ చెట్లు నాటమని చెప్పే నాకు గుంత తీయడానికి జానెడు నేల లేదు, ఈయనకు గట్టు పొడుగునా ఉంది.

"నీళ్ళు పోయడం మరిచిపోవద్దు మామా" అని చెప్పి వచ్చాను.

మరిచిపోతే బాగుండు.