ముల్లు రెండు దాటకూడదు

నా పేరు హిల్డా థాక్‌రే. వయసు డెబ్బై ఆరు. కీర్తిశేషుడు విల్ఫ్ థాక్‌రే భార్యను. క్రాగ్‌డేల్‌లో షెడ్డు మీది రెండు గదుల్లో నేనూ, ఒంటికన్ను పిల్లీ కాపురముంటున్నాం. ఇవి నీకు తెలియనివి కావు కీత్. కానీ ఇది ఉత్తరమే కాదు, నా వాదన కూడా. వాదనంటే ముందు పేరూ ఊరూ చెప్పుకోవాలని పక్కింటి బెరిల్ అంది. రాస్తున్నది తనే. నా మాటలకు తన మర్యాదలు కలపొద్దని గట్టిగా చెప్పాను. ఆ సంగతీ రాయమన్నాను.

నా బిడ్డ కీత్‌ను అమ్మ మనసారా దీవిస్తున్నది. ఇక్కడ నా మోకాళ్ళు, పిల్లి, ఇంటికప్పు పాతబడినా నిలబడే ఉన్నాయి. సముద్రం మధ్య ఆ చమురు బావి మీద నువ్వూ ఒళ్ళు వెచ్చగా, కడుపు నిండుగా ఉన్నావని తలుస్తున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. కప్పు కారడం ఆగింది. ఆదివారం మాంసం వండుకుంటున్నాను, సగం పిల్లికే పోతోంది. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు పెద్దవైనా పడుకునేటప్పుడు వేసుకుంటున్నాను. ఇక చివరి ప్రశ్న. "నాన్న కారు సిద్ధమైందా, లేక మెకానిక్ నార్మన్ అన్నట్టు నువ్వే యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేసి దాన్ని పాడుచేస్తున్నావా?" బెరిల్ ఈ వాక్యం నాకు చదవడానికి మొహమాటపడింది. నువ్వు రాయడానికి పడలేదు. పోనీలే. నెలాఖరు ఆదివారం కొండ ఎక్కే కార్ల పోటీలో మీ నాన్న కారును నువ్వే నడిపి పైకి తీసుకుపోవాలని నీ ఆశ. ఆ ఆశ మీద నాకు కోపం లేదు. కానీ ఆ కొండ మీద నిన్ను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. అందుకే మొదటినుంచీ చెప్తాను.

ఆ చిన్న ఆకుపచ్చ కారును మీ నాన్న తన చేతులతో కట్టాడు. దాని ఇంజన్‌ను ఎలా సరిచేసేవాడో నీకు తెలుసు. వెనక చక్రాలు షెడ్డు నేలలోని రోలర్ల మీద పెట్టేవాడు. కారు ఉన్నచోటే పరుగెత్తేది. రోలర్లకు బ్రేకు బిగిస్తే ఇంజన్ ఎంత బలంగా లాగుతోందో గోడమీది డైనో మీటరు చెప్పేది. ఆయన ఇంజన్ మీద వంగి, దానికి పెట్రోలు అందించే కార్బురేటర్ల మరలు తిప్పేవాడు. సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కేదాన్ని నేను. ఆ మోతలో మాట వినబడదు. నా చెవులా, పన్నెండో ఏట మగ్గాల మిల్లులో చేరినప్పుడే పోయాయి. అందుకని ఆయన బానెట్ రేకు మీద తట్టేవాడు. ఒకటైతే అలాగే ఉంచు, రెండైతే ఇంకా తొక్కు, మూడైతే కాలు తియ్యి. ఆ తట్లు నేనెప్పుడూ చెవితో వినలేదు. సీటులోంచి వెన్నులోకి వచ్చేవి.

నాకు అంకెలు రావు. గడియారం ముల్లు మాత్రం తెలుసు. ఇంజన్ వేగం చూపే ముల్లు రెండు గంటల చోటికి రాగానే, ఇన్నేళ్ళలో ఏనాడూ తప్పకుండా, మూడు తట్లు. ఎందుకని ఒకసారి అడిగాను. "రెండు దాటితే లోపల తిరిగే క్రాంకు ఇరుసు వొంగుతుందే హిల్డా. ఉక్కుకి కూడా నడుముంటుంది" అన్నాడు. సానమిషన్‌లో సగం పోయిన బొటనవేలితో కార్బురేటర్ మీటను తనే వెనక్కి నెట్టేవాడు, నేను ఆలస్యం చేస్తే.

ఇక నార్మన్ సంగతి. పనిమంతుడే, మీ నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. మొదట తన బావమరిది ఫ్రాంక్‌ను సీట్లో కూర్చోబెట్టి కొలిచాడు. డైనో చెప్పినదాన్నిబట్టి గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాడు. గీత మెట్టలా ఎక్కి ఎక్కి, ముల్లు రెండు దగ్గర గుంటలో పడింది. ప్లగ్గులు మార్చాడు. స్ప్రింగులు మార్చాడు. కార్బురేటర్లలో సన్నపు సూది తీసి లావుది వేశాడు. గుంట అక్కడే ఉంది. అప్పుడు మెట్లకింద నిలబడి చెయ్యి ఊపి నన్ను పిలిచాడు. "హిల్డా ఆంటీ, ఈ బండికి నీ కాలే అలవాటు. ఒకసారి దిగిరా."

దిగాను. కూర్చున్నాను. తొక్కాను. ముల్లు రెండు దగ్గరికి వచ్చింది. వెన్నులోకి మూడు తట్లు.

కాలు తీసేశాను. ఎందుకు తీశావని నార్మన్ పెదాలు కదిలించి అడిగాడు. నువ్వే కదా తట్టావన్నాను. వాడు డైనో పక్కన టీ కప్పు పట్టుకుని ఉన్నాడు. ఫ్రాంక్ గుమ్మం దగ్గరున్నాడు. "చెవిటిదానివి, నీకేం వినబడింది ఆంటీ, రేకు అదిరుంటుంది" అన్నాడు నార్మన్. నేనూ అలాగే అనుకున్నాను కీత్. నేను చాపెల్‌కి ప్రార్థనకు పోయే మనిషిని, దయ్యాల మనిషిని కాను. రేకు అదిరితే రేకు తీసెయ్ అన్నాను. బానెట్ ఊడదీసి ఎదురుగోడకి ఆనించారు.

రెండోసారి పంతం పట్టాను. యాక్సిలరేటర్‌ను నేలకు ఆనేదాకా తొక్కి ఉంచాను. ఇది నీ ప్రశ్నకు జవాబు, జాగ్రత్తగా చదువు. నేను కాలు ఎత్తలేదు. మూడు తట్లూ వచ్చాయి. అదే క్షణంలో ఫ్రాంక్ గిర్రున తిరిగి గోడ వైపు చూశాడు. చప్పుడు అక్కడున్న బానెట్‌లోంచి వచ్చిందని తర్వాత చెప్పాడు, మాట తడబడుతూ. ముల్లు పడిపోయింది. నార్మన్ లైటు పట్టుకుని ఇంజన్ మీదికి వంగి చూశాడు. నా పాదం యాక్సిలరేటర్‌ను నేలకు నొక్కే ఉంది. దాన్నుంచి కార్బురేటర్‌కు పోయే తీగ బిగుతుగానే ఉంది. కార్బురేటర్ మీట మాత్రం, ఎవరో వేలితో నెడుతున్నట్టు, నింపాదిగా వెనక్కి పోతోంది.

వాడి ముఖం పాలిపోయింది. అయినా పనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? తీగ సాగుతోందని తేల్చాడు. తీగ పీకేసి ఇనుప కడ్డీ వేశాడు. కడ్డీ సాగదు, వెనక్కి పోదు. గుంట కనబడితే పూడ్చడమే వాళ్ళకు తెలిసిన విద్య. ఆ గుంట ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు అని అడగరు.

మూడోసారి ముల్లు రెండు దాటింది. గీత నున్నగా వచ్చింది. నీకు వాడు గొప్పగా పంపిన గీత అదే. అది గీస్తున్నప్పుడు నా వెన్నులో ఏం జరిగిందో ఆ కాగితంలో లేదు. ఈసారి మూడు తట్లు కావు. ఆగకుండా, దబదబమని, మూసిన తలుపు మీద అరచేత్తో బాదినట్టు. రేకు లేదు, మనిషి లేడు. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఆగడమే నాకు భయం. మీ నాన్న చెప్పాల్సింది చెప్పకుండా ఆపేవాడు కాడు. చెప్పి లాభం లేదనుకుంటేనే ఆపేవాడు.

ఇంజన్ కింది భాగం విప్పి క్రాంకు చూడమని నార్మన్‌ను అడిగాను. పోటీకి టైము లేదన్నాడు. గీత బాగుంటే ఇంజన్ బాగున్నట్టేనన్నాడు. వాణ్ణి తప్పుపట్టను, కొండ ఎక్కేది వాడు కాదు.

ఇంతసేపూ ఒక మాట దాచాను. మొన్న కారు స్టార్టు కాలేదని నార్మన్ ఊరంతా గొడవ చేస్తున్నాడు కదా. ప్లగ్గులకు నిప్పు పంచే డబ్బాలోంచి రోటర్ ముక్క మాయమైంది. తీసింది నేనే. యుద్ధం రోజుల్లో శత్రువు దిగితే బండి వాడి చేతికి పోకూడదని ప్రతి రాత్రీ ఆ ముక్క తీసి దాచమనేవారు. అప్పుడు మన వీధిలో అందరికంటే త్వరగా తీసేది నేనే. చెయ్యి మర్చిపోలేదు. ఇప్పుడది ఎక్కడుందో నువ్వడగకు, ఇల్లంతా వెతికినా దొరకదు.

కొట్లో అలాంటిది ఇంకొకటి దొరుకుతుందని నాకు తెలుసు. నిన్ను ఆపే బలం నా దగ్గర లేదు. అందుకే ఈ కాగితం. క్రాంకు విప్పించు. బాగుంటే నేనే ముక్క తెచ్చి నీ చేతిలో పెడతాను, ముసలిది మతి తప్పిందని ఊరంతా నవ్వినా సరే. విప్పకుండా ఎక్కుతానంటే, ఆ పక్క సీట్లో నేనూ కూర్చుంటాను. వెన్నులోకి తట్లు వస్తే నీకు చెప్పడానికి ఇంకెవరున్నారు?

ఇట్లు,
నిన్ను కన్నదీ, మీ నాన్న తట్లకు కాలు ఎత్తినదీ అయిన
మీ అమ్మ.

హిల్డా థాక్‌రే గుర్తు: ✕

సాక్షి: ఫ్రాంక్ లమ్. ఆవిడ కాలు లేవలేదు. నేను చూశాను. బానెట్ మోగడం విన్నాను.

సాక్షి, రాసినది: బెరిల్ ఓగ్డెన్. కీత్, ఆంటీ కలంతో అడ్డగీతల గుర్తు ఒక్కటే పెట్టింది. సిరా ఆరేదాకా కాగితం బల్ల మీదే ఉంచి ముగ్గురం టీ తాగాం. మడతపెట్టబోతే గుర్తు పక్కన నువ్వు చూస్తున్న ఈ నల్లనూనె ముద్ర కనబడింది. బొటనవేలిది, పై సగం లేదు. మా ముగ్గురి చేతులూ శుభ్రంగా ఉన్నాయి, వేళ్ళు నిండుగా ఉన్నాయి. వేరే కాగితం మీద మళ్ళీ రాస్తానన్నాను. ఆంటీ వద్దంది. "ఉండనీ. ఇద్దరం చెప్పామని వాడికి తెలియాలి" అంది.